మృత సముద్రం: తేలిన నీళ్లు, తరిగిన ఒడ్డు

నవంబరు 5, బుధవారం: మాదబా

జోర్డాన్ వచ్చే యాత్రికుల్లో చాలామంది విమానాశ్రయం నుంచి నేరుగా మృత సముద్రం ఒడ్డునున్న హోటళ్లకు వెళ్లి, ఒక పూట నీటిపై తేలి, ఒక పూట బురద పూసుకుని, అటునుంచి అటే పెట్రాకు సాగిపోతారు. మేము ముందుగా మాదబాలో బస చేయడానికి కారణం అక్కడి సెయింట్ జార్జ్ చర్చి నేలపై ఉన్న పటం. రంగురాళ్ల ముక్కలు పొదిగి 6వ శతాబ్దంలో తయారు చేసిన ఆ పటంలో చాలా భాగం శిథిలమైనా, జెరూసలేం నగరమూ జోర్డాన్ నదీ మృత సముద్రమూ ఉన్న భాగం నిలిచింది. పాత గుడి శిథిలాల మీద 19వ శతాబ్దం చివర కొత్త చర్చి కట్టుకున్నారు. దాని నేలలోనే ఈ పటాన్ని భద్రపరిచి, చుట్టూ గొలుసు కట్టి చూపిస్తున్నారు.

అందరూ జెరూసలేం బొమ్మ దగ్గర గుమిగూడారు గాని, నేను మాత్రం నది సముద్రంలో కలిసే మూల దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాను. నదిలో చేపలు ఉన్నాయి. వాటిలో ఒకటి ప్రవాహంతో పాటు కిందికి వచ్చి, ముందున్న ఉప్పునీటి సంగతి తెలిసినట్టు, తల తిప్పుకుని ఎదురీదుతోంది. సముద్రం మీద రెండు పడవలు ఉన్నాయి. వాటిలోని మనుషుల ఆకారాలు ఉండవలసిన చోట చిందరవందరగా పొదిగిన రాళ్లే కనిపిస్తాయి. ప్రాణుల బొమ్మలు కూడదన్న కాలంలో ఎవరో ఆ మనుషులను చెరిపేశారు, చేపను మాత్రం ఎందుకో వదిలేశారు. పద్నాలుగు వందల ఏళ్ల కిందటి పనివాడికి, పేరుకే సముద్రమైన ఆ ఉప్పునీటి సరస్సు గురించి ముఖ్యమైన రెండు విషయాలు తెలుసు: అందులో చేప బతకదు, దానికి నీళ్లు తెచ్చేది ఈ నదే.

మాదబాలో నవంబరు అంటే ఆలివ్ కోతల కాలం. చిన్న ట్రక్కుల మీద, కార్ల డిక్కీల్లో బస్తాలు వేసుకుని కుటుంబాలకు కుటుంబాలే గానుగ దగ్గర వరుసలో నిలబడ్డాయి. తొంగి చూసినందుకే మమ్మల్ని లోపలికి పిలిచి, అప్పుడే దిగిన పచ్చని నూనెలో రొట్టె ముంచి చేతికిచ్చారు. అది గొంతులో చిరుచేదుగా, మిరియం తగిలినంత ఘాటుగా దిగింది. సీసాల్లో కొనుక్కునే ఆలివ్ నూనెలో ఆ ఘాటు నాకెప్పుడూ తగలలేదు.

రాత్రి భోజనానికి వెళ్లిన చిన్న కొట్టులో ఫలాఫెల్, ఉడికించి మెదిపిన బాకలా (ఒక రకం చిక్కుడు) గింజల ఫూల్, హమ్మస్, వేడి రొట్టెలు, పుదీనా వేసిన టీ ఇద్దరికీ కలిపి 4 దినార్లు అయ్యాయి. ఒక దినార్ మన డబ్బులో 120 రూపాయలకు పైనే. డబ్బు ఇవ్వబోతే కొట్టు యజమాని గుండె మీద చెయ్యి పెట్టుకుని, వద్దు, ఇది మా తరఫున అన్నాడు. ఇది ఇక్కడి మర్యాద మాత్రమే. రెండు మూడు సార్లు బలవంతం చేసి చేతిలో పెట్టాలి, అప్పుడు తీసుకుంటారు. నిజంగానే వద్దన్నాడని నమ్మి వచ్చేస్తే ఆయన వెంటబడి అడగడు గాని, అది మన వైపు మర్యాద కాదు.

నవంబరు 6, గురువారం: నెబో కొండ నుంచి నీటి అంచు దాకా

రోజుకు 60 దినార్లకు మాట్లాడుకున్న కారు డ్రైవరు పెద్దవయసు మనిషి. ఎక్కగానే మా పెద్దబ్బాయి పేరేమిటని అడిగాడు. కార్తీక్ అని చెప్పిన క్షణం నుంచి మావారు అబూ కార్తీక్, నేను ఉమ్ కార్తీక్ అయ్యాము. ఆయన్నూ మేము పెద్దకొడుకు పేరుతోనే, అబూ ఖలీల్ అని పిలిచాము. ఎదుటివారి అసలు పేరు తెలియకుండానే రోజులు గడిచిపోయే ఈ పద్ధతి, ఫలానావాళ్ల అమ్మగా, ఫలానావాళ్ల నాన్నగా పిలిపించుకునే మనకేమీ కొత్తగా అనిపించలేదు.

మోషే వాగ్దత్త భూమిని చూసి కన్నుమూశాడని నమ్మే నెబో కొండ మీద నుంచి పొగమంచులో వెండిరేకులా మెరిసిన నీటిని చూశాము. అక్కడ తాగి ఖాళీ చేసిన నీళ్ల సీసాకు గట్టిగా మూత బిగించి వెనక సీటు మీద పడేయమని అబూ ఖలీల్ చెప్పాడు. దారి మెలికలు తిరుగుతూ దిగుతుంటే చెవులు గడియపడ్డాయి. ఒక మలుపులో 'సముద్ర మట్టం' అని రాసిన రాయి వచ్చింది. దాన్ని దాటాక కూడా రోడ్డు ఇంకా దిగుతూనే ఉంది. నీటి అంచు సముద్ర మట్టానికి 430 మీటర్లకు పైగా దిగువన ఉంటుంది. భూమి మీద పొడినేల ఇంతకన్నా కిందికి మరెక్కడా లేదు. అక్కడికి చేరేసరికి వెనక సీటు మీది సీసా, కనపడని చెయ్యి ఏదో పిండినట్టు, నడుము దగ్గర నొక్కుకుపోయి ఉంది. కొండమీది పలచని గాలి లోపల, లోయలోని బరువైన గాలి బయట. బడిలో చదువుకున్న వాయుపీడనం పాఠం నాకు నిజంగా అర్థమైంది ఆ సీసా చూశాకే.

సరస్సుకు వెళ్లే ముందు దానికి కాస్త ఎగువన ఉన్న అల్-మగ్తస్‌లో ఆగాము. యేసు బాప్తిస్మం పొందిన చోటుగా క్రైస్తవులు భావించే ఈ స్థలాన్ని 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సొంతగా తిరగనివ్వరు, సరిహద్దు కాబట్టి వాళ్ల బస్సులో, వాళ్ల గైడుతోనే వెళ్లాలి. చింతచెట్ల నీడలాంటిదేమీ లేని ఎండదారిలో నడిచి, రెల్లుపొదలు దాటి, చెక్క మెట్ల మీద నుంచి చూస్తే జోర్డాన్ నది కనిపించింది. అది నదేనా అని మావారు మళ్లీ అడిగారు. అవతలి ఒడ్డున ఇజ్రాయెల్ అధీనంలోని రేవులో తెల్లని అంగీలు తొడుక్కున్న యాత్రికులు కీర్తనలు పాడుతూ మునుగుతున్నారు. వాళ్ల మాటలు కూడా స్పష్టంగా వినపడేంత దగ్గర. నీళ్లు బురద రంగులో, ఆకుపచ్చ జీరతో, నిలిచాయో పారుతున్నాయో తెలియనంత నెమ్మదిగా ఉన్నాయి.

ఈ నది ఒకప్పుడు ఏడాదికి సుమారు 130 కోట్ల ఘనపు మీటర్ల నీటిని మృత సముద్రానికి చేర్చేది. ఇప్పుడు చేరుతున్నది అందులో పదో వంతు కూడా కాదు. ఎగువన గలిలీ సరస్సు నుంచి ఇజ్రాయెల్ 1964 నుంచి పెద్ద కాలువలు, గొట్టాల ద్వారా నీటిని తన తీరానికీ దక్షిణపు ఎడారికీ మళ్లించుకుంటూ వచ్చింది. ఉపనది యార్ముక్ మీద సిరియా ఆనకట్టలు కట్టుకుంది. జోర్డాన్ కూడా అదే ఉపనది నీటిని లోయ వెంబడి తవ్విన కాలువలోకి మళ్లించి అరటి, టమాటా, నిమ్మ పండిస్తోంది. ఎవరి లెక్క వాళ్లకుంది, ఎవరి పొలం వాళ్లకుంది. చిట్టచివర ఉన్న సరస్సుకు మాత్రం ఎగువవాళ్లంతా వాడుకోగా మిగిలినదే దక్కుతోంది.

సైనికుల తనిఖీ కేంద్రంలో పాస్‌పోర్టులు చూపించి, మధ్యాహ్నానికి ప్రజలకు తెరిచి ఉన్న ఒక స్నానాల తీరానికి చేరాము. ప్రవేశం మనిషికి 25 దినార్లు. స్థానికులకు ఇంతకన్నా తక్కువ. విదేశీయుల దగ్గర ఎక్కువ తీసుకోవడం మన దగ్గరా ఉన్నదే కనుక ఫిర్యాదు చేయలేకపోయాము. ఈతకొలనులు, గొడుగులు, జల్లు స్నానాలు అన్నీ పైన ఉన్నాయి. సరస్సు ఎక్కడో కింద ఉంది. పైన సిమెంటు మెట్లు, అవి అయిపోయాక చెక్క మెట్లు, అవీ అయిపోయాక ఇసుక బస్తాలు పేర్చిన దారి. నీటి మట్టం ఏడాదికి దాదాపు ఒక మీటరు చొప్పున పడిపోతుంటే తీరం నడిపేవారు మెట్లు పొడిగించుకుంటూ పోతున్నారు. సిమెంటు మెట్ల చివర ఇనుప కమ్మీ ఒకటి వంకరగా గాలిలోకి పొడుచుకొచ్చి ఉంది. పట్టుకుని నీళ్లలోకి దిగడానికి పెట్టినది అది. దాని దగ్గర నుంచి ఇప్పుడు నీటి దాకా తీరిగ్గా నడవవలసినంత దూరం ఉంది.

నీళ్లలోకి దిగే ముందు కాపలా కుర్రవాడు చెప్పిన జాగ్రత్తలు ముఖ్యమైనవి. మోకాళ్లు దాటి తొడల దాకా రాగానే కుర్చీలో కూర్చుంటున్నట్టు వెనక్కి ఒరగాలి. బోర్లా పడుకోకూడదు. నీళ్లు చిమ్మకూడదు. కళ్లు తుడుచుకోకూడదు. ముందురోజు గడ్డం గీసుకుని ఉంటే, గీరుకున్న చోటల్లా మంట పుడుతుంది. మావారికి ఈ చివరి జాగ్రత్త ఆలస్యంగా తెలిసింది.

నాకు ఈత రాదు. ఒరగగానే కాళ్లు రెండూ నా ప్రమేయం లేకుండా పైకి లేచాయి. కాళ్లు కిందికి నొక్కితే మళ్లీ లేస్తాయి. నడుము దించితే భుజాలు లేస్తాయి. మామూలు నీరు లీటరు కిలో ఉంటే ఇక్కడ లీటరు 1.24 కిలోలు తూగుతుంది. బరువులో మూడో వంతుకు పైగా లవణాలే. మహాసముద్రపు నీటి కన్నా ఇది దాదాపు పది రెట్లు ఉప్పన. యూదుల చరిత్ర రాసిన జోసెఫస్, రోమన్ సేనాని వెస్పేషియన్ ఈత రానివాళ్లను కొందరిని చేతులు వెనక్కి కట్టించి ఈ సరస్సు లోతులో పడేయించాడనీ, వాళ్లంతా తేలారనీ రాశాడు. ఆ మనుషులకు ఆ కొన్ని క్షణాలు ఎలా గడిచి ఉంటాయో అతను రాయలేదు.

తేలడం సులువే కాని, నిలబడడం కష్టం. మా పక్కన ఒక యువకుడు సరదాకు బోర్లా తిరిగాడు. కాళ్లు వెనక పైకి లేచిపోయి, ముఖం నీళ్లకు ఆనిపోయి, మళ్లీ వెల్లకిలా తిరగలేక చేతులు కొట్టుకుంటుంటే కాపలా కుర్రవాడు వచ్చి భుజం పట్టి తిప్పాడు. ఈ నీటిలో మునిగిపోరన్న ధీమా మంచిది కాదు. గుక్కెడు మింగినా రక్తంలో మెగ్నీషియం, కాల్షియం హెచ్చి ప్రమాదం కావచ్చని వైద్యులు చెబుతారు. పెదవికి తగిలిన ఒక్క చుక్కను నేను రుచి చూశాను. అది మనం కూరలో వేసే ఉప్పు కాదు; మెగ్నీషియం లవణాల వల్ల నాలుక మొద్దుబారేంత చేదు. ఒంటికి మాత్రం నూనె రాసినట్టు జిడ్డుగా ఉంటుంది. పావుగంట దాటి ఉండనివ్వరు, ఉండాలనీ అనిపించదు.

నవంబరు 7, శుక్రవారం: బురద, వేడినీటి బుగ్గలు

బురద పూసుకునే చోట పెద్ద మట్టి కుండలు పెట్టి ఉన్నాయి. అందులోంచి చేతినిండా తీసుకుని ఒంటికి రాసుకోవడానికి 3 దినార్లు. డబ్బు తీసుకునే మనిషి నా కాళ్లవైపు చూసి, అరబ్బీలో ఏదో చెప్పి, నా మట్టెలు చూపించి తల అడ్డంగా ఊపాడు. అర్థం కాక నిలబడితే తన వెండి ఉంగరం తీసి చూపించాడు. అది నల్లని బొగ్గు రంగులో ఉంది. బురదలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. పెళ్లయిన నాటి నుంచి వేళ్లకున్న మట్టెలు సబ్బు రాసి తిప్పినా రాలేదు. ఒకటి ఎలాగో వచ్చింది, ఇంకొకటి రాలేదు. దానిపై గట్టిగా గుడ్డ చుట్టి, దాని జోలికి పోకుండా బురద పూసుకోవచ్చులే అనుకున్నాను.

ఆ బురద నల్లగా, వెన్నలా మెత్తగా, కుళ్లిన గుడ్డు వాసనతో ఉంటుంది. కొండల మీద నుంచి వాగులు తెచ్చిన ఒండ్రు యుగాల తరబడి సరస్సు అడుగున పేరుకుని, గాలి తగలని ఆ ఉప్పునీటిలో గంధకమూ ఇనుమూ కలిసి ఈ రంగు తెచ్చుకుంది. ఒంటికి రాసి ఎండలో నిలబడితే నిమిషాల్లో అంచులు బూడిద రంగుకు తిరిగి, చర్మం బిగుసుకుంటుంది. మోచేతి మడతలో మొదటి పగులు వచ్చింది. అక్కడి నుంచి సన్నని గీతలు మణికట్టు దాకా పాకాయి. నవ్వితే బుగ్గల మీది పొర పెచ్చులూడింది. తర్వాత మళ్లీ సరస్సులోకే దిగి కడుక్కోవాలి, ఆపైన పైకెక్కి మంచినీటి జల్లు కింద నిలబడాలి. చర్మం ఆ పూటంతా నునుపుగా ఉన్న మాట నిజం. పదేళ్ల వయసు తగ్గుతుందని గోడ మీద రాసిన మాట మాత్రం నేను నమ్మలేదు.

గొడుగు కింద కూర్చున్న జర్మనీ పెద్దాయన మోచేతుల నిండా సోరియాసిస్ మచ్చలున్నాయి. ఏటా వచ్చి వారాల తరబడి ఉంటాడట. ఆయన బురద ముట్టుకోడు. గడియారం చూసుకుని ఎండలో ఇంతసేపు, నీటిలో ఇంతసేపు అన్నదే ఆయన వైద్యం. ఈ లోయలో సూర్యరశ్మి అదనంగా నాలుగు వందల మీటర్లకు పైగా గాలినీ, సరస్సు మీద నిత్యం ఉండే ఆవిరి తెరనూ దాటి రావాలి కనుక చర్మాన్ని కాల్చే కిరణాల తీవ్రత తగ్గుతుంది. అందుకే రోగులు ఎక్కువసేపు ఎండలో ఉండగలరు. సోరియాసిస్‌కు ఇక్కడి ఎండ, ఉప్పునీటి స్నానం కలిసి మేలు చేస్తాయని వైద్యులు ఎప్పటి నుంచో ఒప్పుకుంటున్నారు. సీసాల్లో, పొట్లాల్లో అమ్మేవాటికి ఆ పేరును అరువు తెచ్చుకున్నారన్నది నా అభిప్రాయం.

మధ్యాహ్నం అబూ ఖలీల్ మమ్మల్ని దక్షిణంగా జారా బుగ్గల దగ్గరికి తీసుకువెళ్లాడు. ఇక్కడ టిక్కెట్టు లేదు, గొడుగుల్లేవు. కొండ పాదం నుంచి పుట్టిన వేడినీరు రాళ్ల మధ్యగా పారుతూ సరస్సులో కలుస్తుంది. హేరోదు రాజు చివరి జబ్బులో స్నానాలకు వచ్చిన కల్లిరోయే ఇదేనంటారు. శుక్రవారం సెలవు కావడంతో అమ్మాన్ సగం ఇక్కడే ఉన్నట్టుంది: బొగ్గు కుంపట్ల మీద కాలుతున్న కోడిముక్కలు, హుక్కాల పొగ, చాపల మీద తాతలు, సరస్సులో తేలి వచ్చి బుగ్గలో ఉప్పు కడుక్కుంటున్న పిల్లలు. నిన్నటి తీరంలో సల్వార్ కమీజుతో నీళ్లలోకి దిగిన నేనొక్కదాన్నే వింతగా ఉన్నాను. ఇక్కడ ఆడవాళ్లంతా నిండు దుస్తులతోనే దిగారు, నన్నెవరూ తిరిగి చూడలేదు. పక్కపక్కనే చాపలు వేసుకున్నా ఒక కుటుంబంలోని మగవాళ్లు పక్క కుటుంబానికి వీపు పెట్టే కూర్చుంటారు. గోడలు లేకుండానే గదులు ఏర్పడినట్టు ఉంది.

ఒక పెద్దావిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. పెద్ద గిన్నెను పళ్లెం మీద బోర్లించి, అడుగున అరచేత్తో తట్టి, గిన్నె ఎత్తగానే వంకాయ ముక్కలు పైకి వచ్చేలా వండిన మక్లూబా అన్నం గోపురంలా నిలిచింది. తిన్నకొద్దీ వడ్డించింది. పిల్లలెందరు అని అడిగింది. ఇద్దరని వేళ్లు చూపిస్తే, అయ్యో అన్నట్టు నా భుజం తట్టింది. చిన్న గిన్నెల్లాంటి కప్పుల్లో యాలకుల కాఫీ వచ్చింది. కప్పు ఖాళీ చేసి ఇచ్చేస్తే మళ్లీ నింపుతారు. చాలనుకుంటే కప్పును వేళ్లతో అటూ ఇటూ ఊపి ఇవ్వాలని అబూ ఖలీల్ సైగ చేసేసరికి నాకు మూడోది కూడా పోశారు. ఇంత మర్యాద తెలిసిన మనుషులే వెళ్లేటప్పుడు ప్లాస్టిక్ సంచులు, సీసాలు అక్కడే వదిలి వెళ్లడం చూడడానికి బాగోలేదు. ఉప్పు పేరుకున్న రాళ్ల సందుల్లో ఆ సంచులు కూడా ఉప్పు పట్టి తెల్లబడి ఉన్నాయి.

నవంబరు 8, శనివారం: దక్షిణపు కొస, కెరక్

ఈ రోడ్డు మీద వాగు వచ్చిన చోటల్లా వంతెన ఉంది. జర్కా మాయిన్ వాగు దగ్గర అబూ ఖలీల్ రేడియో ఆపేశాడు. 2018 అక్టోబరు 25న ఆకస్మిక వరద ఇక్కడ విహారానికి వచ్చిన బడి పిల్లలను కొట్టుకుపోయింది. చనిపోయినవారు ఇరవై మంది దాకా ఉన్నారు. వాన ఎక్కడో కొండల మీద పడుతుంది, ఇక్కడ ఆకాశం నిర్మలంగానే ఉంటుంది. ముజీబ్ కనుమలో నీళ్ల మధ్య నడిచే దారిని చలికాలంలో మూసేసేది కూడా ఇందుకే.

ముజీబ్ దాటాక ఒడ్డు దిగి ఉప్పును దగ్గరగా చూశాము. రాళ్ల మీద పువ్వుల్లా, గొడుగుల్లా ఉప్పు పెరిగి ఉంది. అరచేతిలోకి తీసుకున్న ఒక పెళ్ల మీద గింజలన్నీ చిన్న చిన్న ఘనాలు. ప్రతి ముఖమూ చదునుగా, మూలలు కోసినంత సూటిగా ఉన్నాయి. అలలు దొర్లించిన చోట గోలీల్లాంటి తెల్లని గుండ్లు కుప్పలుగా పడి ఉన్నాయి. చెప్పులు లేకుండా నాలుగడుగులు కూడా వేయలేము.

గోర్ హదీసా దగ్గర ఫోనులోని దారిపటం నీటి దగ్గరికి చేరుస్తుందని ఒక మట్టిబాట చూపించింది. టమాటా తోటల మధ్య నుంచి కొంత దూరం వెళ్లాక ఒక మనిషి చేతులూపుతూ కారుకు అడ్డంగా పరుగెత్తుకొచ్చాడు. అబూ ఖలీల్‌తో అరబ్బీలో గట్టిగా మాట్లాడి, మమ్మల్ని చూసి, హిందుస్తానీయా అని ఉర్దూలో అడిగాడు. ఈ లోయలో సాగు చేసుకునే పాకిస్తానీ కుటుంబాలు చాలానే ఉన్నాయట. ఆయన తండ్రి కాలంలో వచ్చి గుడారాల్లో స్థిరపడ్డారట. మా హైదరాబాదీ ఉర్దూ విని ఆయన నవ్వాడు, ఆయన సింధీ యాస మాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. కాని చెప్పింది మాత్రం చక్కగా అర్థమైంది: ముందున్న బాట నేల లోపల డొల్ల.

కారు అక్కడే వదిలి ఆయన వెనకే, ఆయన అడుగులు వేసిన చోటే అడుగులు వేస్తూ నడిచాము. ముళ్లకంప అడ్డుపెట్టిన చోటికి అవతల గుండ్రని గొయ్యి ఉంది. అంచులు చాకుతో కోసినట్టు నిటారుగా ఉన్నాయి. అడుగున కొంచెం నీరు, విరిగిన బిందుసేద్యపు గొట్టం ఒకటి కనిపించాయి. నిరుడు అక్కడ తోట ఉండేదని చెప్పాడు. సరస్సు వెనక్కి తగ్గినకొద్దీ కొండల వైపు నుంచి వచ్చే మంచి భూగర్భజలం, ఒకప్పుడు ఉప్పునీరు నిండి ఉన్న మట్టిలోకి చొరబడి, లోపల పొరలుగా ఉన్న ఉప్పును కరిగిస్తుంది. ఉప్పు పోయిన చోట ఖాళీ మిగులుతుంది, ఏదో ఒకరోజు పైకప్పు కూలుతుంది. సరస్సుకు రెండు వైపులా ఇలాంటి గోతులు వేలల్లో ఉన్నాయి. ముందు తెలుస్తుందా అని అడిగాను. కుక్కలు ఆ వైపు పడుకోవడం మానేస్తాయి అన్నాడు. అది నిజమో, మాకోసం చెప్పిన మాటో తెలియదు గాని ఆయన కుక్క మాత్రం మాతో రాకుండా కారు దగ్గరే ఉండిపోయింది. వెళ్లేటప్పుడు టమాటాల సంచి కారులో పెట్టాడు. డబ్బు ఇస్తే తీసుకోలేదు. మూడుసార్లు బలవంతం చేసినా తీసుకోలేదు.

ఇంకా దక్షిణానికి వెళితే సరస్సు లేదు. లిసాన్ ద్వీపకల్పం అవతల దక్షిణ భాగం ఎప్పుడో ఎండిపోయింది. ఇప్పుడు అక్కడ కనిపించే నీలపు నీళ్లన్నీ కట్టలు కట్టిన మళ్లు. ఉత్తర భాగం నుంచి తోడిన నీటిని ఈ మళ్లలో ఎండబెట్టి, జోర్డాన్ వైపు అరబ్ పొటాష్ కంపెనీ, అవతల ఇజ్రాయెల్ కర్మాగారమూ పొటాష్ తీస్తాయి. తోడిన నీటిలో చాలా భాగం ఆవిరైపోతుంది కనుక మట్టం పడిపోవడానికి నది మళ్లింపుతో పాటు ఇదీ ఒక కారణం. ఈ పొటాష్‌ను కొనే దేశాల్లో మనది ముఖ్యమైనది. మా మామగారి పొలంలో వరికి ఏటా వేసే పొటాష్ బస్తా మావారికి గుర్తొచ్చింది. హోటళ్లనూ ఎగువ దేశాలనూ తప్పుపడుతూ వచ్చిన మా సంభాషణ ఆ మళ్ల దగ్గర కాస్త తడబడింది.

బైబిలులోని లోతు అనే మనిషి పేరుతో ఉన్న గుహను, దాని పక్కనున్న మ్యూజియాన్ని త్వరగా చూసేసి కెరక్ కొండ ఎక్కాము. దారిలో అబూ ఖలీల్‌ను, నదిని మళ్లీ సరస్సుకు వదిలేస్తే బాగుంటుంది కదా అని అడిగాను. అమ్మాన్‌లో తమ ఇంటికి కొళాయి నీళ్లు వారానికి ఒకసారి వస్తాయనీ, మిద్దె మీది ట్యాంకుల్లో పట్టుకుని వారమంతా సరిపెట్టుకుంటామనీ చెప్పాడు. నీళ్లు దొరికితే ముందు నా ట్యాంకులోకి, తర్వాతే సముద్రంలోకి అన్నాడు. ఎర్ర సముద్రం నుంచి నీరు తెచ్చి కొంత మంచినీరుగా మార్చి, మిగిలిన ఉప్పునీటిని మృత సముద్రంలో వదలాలన్న పథకానికి 2013లో ఒప్పందం కుదిరింది. 2021లో జోర్డాన్ దాన్ని పక్కన పెట్టింది. ఎర్ర సముద్రపు రేవు అకబాలో సముద్రపు నీటిని శుద్ధి చేసి అమ్మాన్‌కు తేవాలన్నది ఇప్పటి ఆలోచన. అందులో సరస్సుకు వాటా లేదు.

కెరక్‌లో మన్సఫ్ తినకుండా వెళ్లకూడదని అబూ ఖలీల్ పట్టుబట్టాడు. గొర్రెపాలతో చేసిన మజ్జిగను వడగట్టి, ఉప్పు వేసి, రాతిగుండ్లలా ఎండబెట్టిన జమీద్‌కు కెరక్ పెట్టింది పేరు. దాన్ని నానబెట్టి కరిగించిన పులుసులో మాంసం ఉడికించి, పలచని రొట్టె పరిచిన పళ్లెంలో అన్నం పోసి, పైన మాంసం, వేయించిన బాదం వేసి తెస్తారు. ఒకే పళ్లెం చుట్టూ చేరి కుడిచేత్తో తినాలి. ఎడమచెయ్యి వెనక్కి ఉంచుకుంటారు. ముద్ద కలపడం మాకు నేర్పనక్కరలేదని హోటలు కుర్రాళ్లు సంతోషించారు గాని, వాళ్లు ముద్దను మూడు వేళ్లతో గుండ్రంగా చేసి బొటనవేలితో నోట్లోకి ఎగరేస్తారు, వేళ్లు పెదవికి తగలనివ్వరు. మేము ఆ పరీక్షలో నెగ్గలేదు. ముగ్గురికీ 24 దినార్లు అయింది.

నవంబరు 9, ఆదివారం: అమ్మాన్

పాత బజారులో మృత సముద్రపు బురద పొట్లాలు కొట్టు కొట్టుకూ ఉన్నాయి. ఒకచోట 5 దినార్లు చెప్పింది పక్క సందులో 2 దినార్లకు వచ్చింది; రెండూ ఒకే కంపెనీవి. నిన్న మొన్న కుండలోంచి తీసుకున్న బురదతో పోలిస్తే ఇవి వాసన లేకుండా, ఇసుక తగలకుండా శుభ్రంగా ఉన్నాయి. ఊళ్లో అడిగినవారికి ఇవ్వడానికి కొన్ని కొన్నాము.

వెండి దుకాణాల వీధిలో నా మట్టెను చూపించాను. గుడ్డ చుట్టినా లోపలికి నీరు దిగి అది బూడిద నలుపు తిరిగిపోయింది. ముసలి కంసాలి దాన్ని వేలికి ఉండగానే ఏదో తెల్లని పొడి అద్ది, మెత్తని తోలుతో రుద్ది, నిమిషంలో పాత రంగుకు తెచ్చాడు. డబ్బు వద్దన్నాడు. బలవంతం చేస్తే అర దినార్ తీసుకున్నాడు.

వెళ్లాలనుకునేవారికి నేను చెప్పగలిగింది ఇది: తేలడానికి ఒక పూట చాలు, ఒడ్డు వెంట దక్షిణం దాకా వెళ్లడానికి మాత్రం ఒక పూర్తి రోజు ఉంచుకోండి. పాడైపోయినా ఫరవాలేదనుకునే చెప్పులు వేసుకోండి, వెండి ఏదున్నా గదిలో వదిలి వెళ్లండి, రైతు ఎవరైనా చేతులూపితే కారు ఆపండి.